గేటు దగ్గరికి వచ్చిన ఆ నలుగురి గురించి

మా సెంటర్లో పిల్లల్ని వదిలి డ్యూటీలకు వెళ్లే అమ్మానాన్నలందరికీ,

పదిహేను రోజులుగా నల్లగొండలో నా గురించి ఒక మాట తిరుగుతోంది: "ఆయా ఉద్యోగాలిస్తనని పైసలు గుంజుతుందట." మీలో ఇద్దరు ముఖం మీదే అడిగారు, సంతోషం. అడగకుండానే బాబును మాన్పించిన వాళ్లకు కూడా చేరాలని ఇది రాస్తున్నా. నేను ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. అట్లని నా తప్పు అసలే లేదనీ అనలేను.

ఒక సోమవారం పొద్దున ఏడున్నరకు, నేనింకా గేటు తాళం తీస్తున్నా, తిప్పర్తి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చి నిలబడింది. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో మడత పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న కాగితం. "జాయిన్ కానీకి వచ్చిన మేడమ్" అంది. మెయిల్లో వచ్చిన ఆఫర్ లెటర్‌ను నెట్ సెంటర్లో కలర్ ప్రింట్ తీయించుకుంది. పైన మా సెంటర్ పేరు, మా లోగో. జీతం నెలకు 32,000. యూనిఫాంకు, పోలీస్ వెరిఫికేషన్‌కు ముందుగా 2,850 కట్టాలి, మొదటి జీతంతో తిరిగి ఇస్తారట. కట్టేసింది. ఆధార్, పాస్‌బుక్ ఫోటోలు కూడా పంపింది. ఆ వారంలోనే ఇంకో ముగ్గురు వచ్చారు.

ఆ కాగితాన్ని ఎన్నిసార్లు తిప్పి చూశానో. మా ముద్ర నలుచదరంగా ఉంటుంది, అందులో గుండ్రంగా ఉంది. నల్లగొండ కింద ఆంధ్రప్రదేశ్ అని రాశారు, 2014 తర్వాత సంగతులేవీ వాళ్లదాకా వెళ్లినట్టు లేదు. ఇక జీతం. నేను ఆయాకు ఇచ్చేది 10,500. చెప్పడానికి సిగ్గేం లేదు, మీరు కట్టే ఫీజు ఎంతో మీకు తెలుసు. 32,000 ఇస్తే మూడో నెలకు నేనే ఎక్కడో ఆయా పనికి పోవాలి.

మెయిల్ అడ్రస్ చూసుకోండి అని అందరూ చెప్తారు. ఇక్కడ అది పని చేయలేదు. ఆ మెయిల్ వచ్చింది మా పాత వెబ్‌సైట్ పేరుతో ఉన్న అడ్రస్ నుంచే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 2019లో ఒక కుర్రాడితో సైట్ చేయించాను. సైట్ పేరుకు గడువు తీరేలోపు రెన్యువల్ కట్టాలి, లేకపోతే కొన్నాళ్లకు ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు, దాని మీద మెయిల్ ఐడీలు పెట్టుకోవచ్చు. నేను ఏటా 1,800 ఫోన్‌పే చేశాను, స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. అతను రెండేళ్లుగా కట్టలేదు. అసలు ఆ పేరు నా పేరు మీద లేనే లేదు, తన పేరు మీదే తీసుకున్నాడట. ఫోన్ చేస్తే "మర్చిపోయిన అక్కా" అన్నాడు, అంతే. మా పాలాయన ఒక్క పూట రాకపోతే సాయంత్రం గుమ్మం ముందుకొచ్చి చెప్పిపోతాడు.

కానీ రెండేళ్లలో ఒక్కసారైనా నా సైట్ నేను తెరిచి చూసుకోలేదు. అది నా తప్పే. ఆ సైట్‌లో ముగ్గుల పండగ నాడు తీసిన ఇద్దరు పిల్లల ఫోటో ఉండేది. ఆ దొంగ లెటర్ కింద దాన్ని వాడుకున్నారు. ఆ రెండు ఇళ్లకూ వెళ్లి చెప్పాను. ఒకామె ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత మూడు రాత్రులు నాకు నిద్ర లేకుండా చేసింది ఆ 2,850. మొదటి అమ్మాయి గేటు పక్కన అరుగు మీద కూర్చుని ఏడ్చింది. డబ్బు వాళ్ల అత్తమ్మ సంఘంలో తెచ్చిన అప్పట. లోపలికెళ్లి బీరువాలోంచి తీసి ఇచ్చేశాను. మా ఆయన వద్దన్నాడు. మన పిల్లల్లో ఒకరి నాన్న వకీలు, ఆయనా వద్దన్నాడు, "ఇస్తే ఒప్పుకున్నట్టే" అని. నేను వినలేదు. వాళ్లన్నట్టే అయింది. ఆ అమ్మాయి ఊళ్లో మంచి మనసుతోనే చెప్పింది, మేడమ్ పైసలు వాపస్ ఇచ్చిందని. వాపస్ ఇచ్చిందంటే తీసుకున్నట్టే కదా అన్నారు విన్నవాళ్లు. మిగతా ముగ్గురికి ఇవ్వలేదు. ఒకరికిచ్చి ముగ్గురికి ఇవ్వకపోవడం ఏం న్యాయమో నాకూ తెలియదు. ఇచ్చిన దానికి మాత్రం బాధ లేదు, ఎవరేమన్నా సరే.

ఆ ముగ్గురినీ పోలీస్ స్టేషన్‌కు నేనే తీసుకెళ్లాను. నాలుగో ఆమె కట్టింది ముందు రోజు రాత్రే. నా ఫోన్ నుంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాం. వెంటనే చేయడం వల్ల ఆ డబ్బు అవతలి ఖాతాలోనే ఆగింది, చేతికి ఇంకా రాలేదు. మిగతా వాళ్లది అప్పటికే దాటిపోయింది. ఆధార్ పంపిన వాళ్లందరితో, వాళ్ల వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించాను.

మీ ఇళ్లలో, మీ ఊళ్లలో ఇలాంటి పని వెతుక్కునే ఆడపిల్లలు ఉంటే ఇది చెప్పండి. పిల్లల్ని చూసే పని ఎవరూ మనిషిని చూడకుండా ఇవ్వరు. నా దగ్గరికి ఎవరొచ్చినా మూడు రోజులు కూలి ఇచ్చి లోపలే ఉంచుకుంటాను. నెలల బిడ్డను ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి ముందు పెడుతుందా, జావ తాగించే ముందు గిన్నె తన చేతికి తాకించి చూసుకుంటుందా, ఇవి చూస్తాను. ఒక్క ఫోన్ కూడా చేయకుండా మెయిల్లో "సెలెక్ట్ అయ్యారు" అన్నారంటే అవతల పిల్లలే లేరు. ఈ రోజు సాయంత్రంలోగా కట్టాలని తొందర పెట్టినా అంతే.

అమెరికాలో ఉన్న మన పాత కస్టమర్ ఒకామె చెప్పింది, అక్కడ ఈ మోసం చేసే పద్ధతి వేరట. కొత్తగా మీ ఊరికి వస్తున్నాం, పాపను చూడాలి అని మెయిల్ పెట్టి, ముందే చెక్కు పంపుతారు. జీతం ఉంచుకుని మిగిలింది బొమ్మల షాపు వాడికి పంపమంటారు. బ్యాంకు ముందుగా డబ్బు చూపిస్తుంది, కొన్ని వారాలకు చెక్కు దొంగదని తేలితే మొత్తం మన నెత్తిన పడుతుంది. ఇక గల్ఫ్‌కో కెనడాకో ఆయాగా పంపిస్తామనే వాళ్లుంటే, ఆ ఏజెంట్ పేరు విదేశీ పనులకు పంపే ఏజెంట్ల వివరాలుండే ప్రభుత్వ సైట్ ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్ట్ చేతికివ్వొద్దు.

ఇప్పుడు మన సెంటర్‌కు వెబ్‌సైట్ లేదు, మెయిల్ లేదు. మళ్లీ పెట్టను, ఎంతమంది చెప్పినా. గేటు మీద పెయింట్‌తో రాసిన నంబరే మన నంబరు. ఆయా కావాలంటే ఆ గేటు మీదే కాగితం అంటిస్తాను. ఈ తిరుగుడులో పది రోజులు మధ్యాహ్నం మూసిన చిన్నపిల్లల గది సోమవారం నుంచి ఎప్పటిలాగే సాయంత్రం ఆరు వరకు ఉంటుంది. ఆ పది రోజుల ఫీజు వచ్చే నెలలో తగ్గిస్తాను.

ఇంకొకటి. పొద్దున పిల్లల్ని దింపేటప్పుడు గేటు దగ్గర ఎవరైనా కవర్లో కాగితం పట్టుకుని నిలబడితే, దొంగను చూసినట్టు చూడకండి. లోపలికి పంపండి, చాయ్ పోసి నేను మాట్లాడతాను.