10 మీటర్ల దూరంలో బిగించుకోవచ్చన్న ప్యానెల్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మోటారు టైమర్ కిట్‌లో దూరంగా బిగించే నాబ్‌కు, బటన్‌కు డీబౌన్స్ (ఒక్క కదలిక పలుమార్లు లెక్కకు రాకుండా చూసే ఏర్పాటు) లేకపోవడం గురించి.

అయ్యా,

మా పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ కోసం మీ దగ్గర మోటారు టైమర్ కిట్లు కొన్నాం. బోర్డును స్టార్టర్ పక్కన పెట్టి, నాబ్, బటన్ ఉన్న ప్యానెల్‌ను 10 మీటర్ల దూరం దాకా ఎక్కడైనా బిగించుకోవచ్చని మీ మాన్యువల్‌లో ఉంది. డీబౌన్స్ బోర్డులోనే ఉందని, వేరే పార్టులేవీ అక్కర్లేదని కూడా రాశారు. ఆ రెండు మాటలు నమ్మే ఈ కిట్ ఎంచుకున్నాం. రెండూ నిజం కాదని తేలింది.

నాబ్ తిప్పి 30 నిమిషాలు పెడితే ఒకసారి 27 చూపిస్తుంది, ఇంకోసారి 34. బటన్ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకుని, స్టార్ట్ అయిన వెంటనే క్యాన్సిల్ అవుతుంది. అంతకంటే ప్రమాదం మరొకటి ఉంది. పక్కనున్న మోటారు స్టార్టర్ ఆఫ్ అయినప్పుడల్లా, ప్యానెల్ దగ్గర మనిషే లేకపోయినా మెనూ దానంతటదే తెరుచుకుంటోంది. పొలంలో ఇదే జరిగి మోటారు దానంతటది ఆన్ అయితే, బావి దగ్గర పైపు విప్పుతున్న మనిషి సంగతేమిటి?

ఆసిల్లోస్కోప్ పెట్టి చూశాం. బటన్ నొక్కగానే లైను 5 వోల్టుల నుంచి సున్నాకు దిగి, మళ్లీ లేచి, మళ్లీ దిగుతోంది. సుమారు 3 మిల్లీసెకన్ల పాటు ఇదే వరస. ఇందులో వింతేమీ లేదు, లోహపు కాంటాక్టు ఏదైనా అలాగే కొట్టుకుంటుంది. దాన్ని అణచడానికి బోర్డు మీద ఏముందో వెతికితే, సి3, సి4, సి5 అని అచ్చు వేసిన మూడు చోట్లా కెపాసిటర్లు లేవు. ఖాళీ ప్యాడ్లు మిగిలాయి. బటన్ నొక్కనప్పుడు ఆ లైనును 5 వోల్టుల దగ్గర నిలిపి ఉంచే పుల్-అప్ రెసిస్టర్ కూడా వేయలేదు. డిజైన్ చేసినవారికి ఇవి కావాలని తెలుసు. తయారీలో ఎవరో ఎత్తేశారు. మాన్యువల్ మాత్రం పాతదే ఉంచారు.

పుల్-అప్ లేకపోతే బోర్డును నడిపే ఏటీమెగా328పీ చిప్ లోపలున్న 20 నుంచి 50 కిలో ఓమ్‌ల రెసిస్టరే దిక్కు. బల్ల మీద జానెడు వైరుకు అది సరిపోవచ్చు. అంత బలహీనమైన పుల్-అప్ మీద మీటర్ల కొద్దీ వైరు వేలాడితే అది ఏరియల్ లాగా పనిచేసి, స్టార్టర్ కాయిల్ వదిలే ప్రతి స్పైక్‌నూ (క్షణకాలపు వోల్టేజీ పోటునూ) లోపలికి తెస్తుంది.

ఆ చిప్‌లో నడిచే మీ ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్‌దీ అదే దారి. నాబ్‌లోని ఒక లైను దిగగానే లెక్క వేసి, తర్వాత 50 మిల్లీసెకన్లు ఏదొచ్చినా వదిలేస్తోంది. ఆ నాబ్‌కు చుట్టుకు 20 క్లిక్కులు. సెకనుకు ఒక చుట్టు తిప్పితేనే క్లిక్కుకు 50 మిల్లీసెకన్లు పడుతుంది, కాస్త వేగంగా తిప్పితే నిజమైన క్లిక్కులే పోతాయి. నాబ్ ఇచ్చే రెండు సిగ్నళ్ల పాత స్థితినీ కొత్త స్థితినీ పోల్చి చూసే పట్టిక పెడితే ఈ గొడవే ఉండదు. ఒక లైను కొట్టుకుంటే లెక్క ఒకటి పెరిగి ఒకటి తగ్గి సమమవుతుంది, రెండు లైన్లూ ఒకేసారి మారితే అది చెల్లని స్థితి కాబట్టి వదిలేయవచ్చు. మా విద్యార్థులు అలాగే రాసి చూశారు, నాబ్ లెక్క తప్పడం లేదు.

మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, షీల్డ్ ఉన్న కేబుల్ కొనుక్కోమన్నారు. షీల్డ్ బయటి రొదను తగ్గిస్తుంది, కాంటాక్టు కొట్టుకోవడాన్ని ఆపదు. జానెడు వైరుతోనూ బటన్ రెండుసార్లు పడుతూనే ఉంది.

మేం చేసిన మార్పు చిన్నది. బోర్డు వైపున ఒక్కో లైనుకు 5 వోల్టులకు 10 కిలో ఓమ్‌ల పుల్-అప్, వరసలో మరో 10 కిలో ఓమ్‌లు, అక్కడి నుంచి గ్రౌండుకు కెపాసిటర్ (నాబ్ లైన్లకు 0.01, బటన్‌కు 0.1 మైక్రోఫారడ్), ఆ తర్వాత ఊగిసలాడే సిగ్నల్‌ను స్పష్టమైన ఆన్, ఆఫ్‌గా మార్చే 74హెచ్‌సీ14 ష్మిట్ ట్రిగ్గర్ చిప్. ఆ చిప్ సిగ్నల్‌ను తిరగేస్తుంది కాబట్టి ప్రోగ్రాంలోనూ ఆ మేరకు మార్చాలి. ఇంతటితో స్టార్టర్ ఆఫ్ చేసినా మెనూ కదలడం లేదు. ఈ పార్టులు ఖరీదైనవీ కావు, దొరకనివీ కావు.

మాకు కావలసింది ఇది. అన్ని బోర్డులనూ ఈ పార్టులతో మార్చి ఇవ్వండి, లేదా డబ్బు వాపసు చేయండి. సరిచేసిన ఫర్మ్‌వేర్‌ను ఈ కిట్ కొన్న అందరికీ పంపండి. అప్పటిదాకా మాన్యువల్ నుంచి 10 మీటర్ల మాట తీసేసి, మోటారుకు ఇది కలపొద్దని పాత కొనుగోలుదారులకు తెలియజేయండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళతాం. బిల్లు కాపీ, ఆసిల్లోస్కోప్ చిత్రాలు, ఖాళీ ప్యాడ్ల ఫొటోలు జత చేశాను.

ఇట్లు,
ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ ఇన్‌ఛార్జి