ఆ రాత్రి నీళ్లు మోసిన వాళ్లకు, ఇవాళ్టిదాకా మాట ఆపుకున్న వాళ్లకు కృతజ్ఞతలు

రాత్రిపూట పెంకుటిల్లు అంటుకుని పోయిన మా వాళ్లు నలుగురికీ నిన్నటితో పెద్దకర్మ అయింది. ఈ పదకొండు రోజులూ మా వెంట నిలబడ్డ వాళ్లకు చెప్పుకోవాల్సింది చాలా ఉంది. పేర్లు మాత్రం రాయడం లేదు. పోయినవాళ్ల పేర్లు, ఫొటోలు ఇప్పటికే ఎన్ని ఫోన్లు తిరిగాయో అందరికీ తెలుసు. సాయం చేసిన వాళ్ల పేర్లు కూడా ఆ మాటల్లో పడడం మాకు ఇష్టం లేదు. ఎవరు ఏం చేశారో చదివితే వాళ్లకే తెలుస్తుంది.

ముందుగా కొబ్బరికాయలు దింపే దింపు కార్మికులకు, డొక్క ఒలిచే ఒలుపు కార్మికులకు దండం. పెంకుటిల్లు అంటుకుంటే ఎవరైనా చేసే మొదటి పని కింద నుంచి పెంకు మీద నీళ్లు కొట్టడం. నీళ్లు జార్చడమే పెంకు పని. ఎన్ని బిందెలు పోసినా చూరు మీంచి వాకిట్లోకే వచ్చేస్తాయి, లోపల అటక కాలుతూనే ఉంటుంది. ఆ అటక మీద కురిడీకి, అంటే ఎండు కొబ్బరికి పోసిన కొబ్బరికాయ ఉంది. ఎనిమిది నెలల నుంచి ఏడాది దాకా డొక్కతోనే ఆరే కాయ అది. పైన ఎండిన పీచు, లోపల నూనె దిగిన కొబ్బరి. అంటుకోవడానికి కాస్త టైము పడుతుంది గానీ అంటుకున్నాక ఆర్పడం గగనం. వాసాలు కాలి అటక విరిగితే ఆ కాయంతా మండుతూ పడకగదుల మీద పడుతుంది. ఆ రాత్రి అదే జరిగింది.

దింపు వాళ్లు నడుముకు తాళ్లు కట్టుకుని పక్కింటి డాబా మీంచి ఎక్కారు. ఫైర్ వాళ్లు చూపించిన చోట, నీళ్ల పైపు చేతికి అందాకే, కొప్పు దగ్గర పెంకు విప్పారు. ఆ వరస తప్పకూడదు. పైపు రాకముందే పెంకు తీస్తే మంటకు గాలి అంది రెట్టింపు లేస్తుంది. కొప్పు దగ్గర రెండు చేతులంత కంత పడి, నీళ్లు నేరుగా అటక మీద పడ్డాకే మంట వంగింది. మిగతా వాళ్లు చుట్టూ చెట్లకు వేలాడుతున్న ఎండు కమ్మలు నరికేశారు, గాలివాటున ఉన్న గడ్డిమేటుకు తడిగోనెలు కప్పారు, పాకలో పలుపులు కోసి పశువుల్ని తోలేశారు. అవతలి రెండు ఇళ్లు ఇవాళ నిలబడి ఉన్నాయంటే వీళ్ల పుణ్యమే.

కాలవలో దిగిన కుర్రాళ్ల సంగతి విడిగా చెప్పాలి. మామూలుగా వచ్చే ఫైరింజన్‌లో 4,500 లీటర్ల నీళ్లుంటాయి. రెండు పైపులు తెరిస్తే పది నిమిషాలకు మించి రావు. ఆ తర్వాత కాలవ నుంచే తోడుకోవాలి. మన కాలవల్లో గుర్రపుడెక్క ఉండనే ఉంది, పీల్చే పైపు మూతికి ఉన్న జల్లెడకు అది చుట్టుకుంటే పంపు గాలి తాగి నీళ్లు ఆగిపోతాయి. ఆ కుర్రాళ్లలో ఒకరు పరుగున వెళ్లి వెదురుబుట్ట తెచ్చి జల్లెడ చుట్టూ కట్టారు, నలుగురు రొమ్ముల్లోతు నీళ్లలో నిలబడి తెల్లారేదాకా డెక్క తోస్తూనే ఉన్నారు. పైపు మూతి పూర్తిగా నీళ్లలో మునిగి ఉండాలి, అడుగున బురదకూ తగలకూడదు. అది చెప్పి చూపించిన ఫైర్‌మన్‌కు, చెప్పినట్టు కదలకుండా పట్టుకున్న పిల్లలకు మేం రుణపడ్డాం. పుంత ఇరుకై రెండో బండి మలుపులో ఆగిపోతే, చేలకు నీళ్లు తోడుకునే ఆయిల్ ఇంజన్లు రెండు ట్రాక్టరు మీద వేసుకొచ్చిన రైతులకు కూడా. వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లో అయితే ఈ నీళ్లు కూడా ఉండేవి కావు. అందుకే చెరువు గట్టు దాకా బండి వెళ్లే దారి చూసి పెట్టాలని పంచాయతీకి అర్జీ ఇచ్చాం. సంతకాలు చేసిన వాళ్లందరికీ కృతజ్ఞతలు.

లైన్‌మన్ గారు ఫోనెత్తిన వెంటనే వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ దించారు, తర్వాత స్తంభం మీంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు కూడా విప్పేశారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉందా అని అడిగింది ఆయన ఒక్కరే. బయట కరెంటు ఆపినా బ్యాటరీ నుంచి వైర్లలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. తడినేల మీద తిరిగే వాళ్లకు ఆ ప్రశ్న ప్రాణం పోసింది.

తలుపు నెట్టబోయి చేతులు కాల్చుకున్న పక్కింటి ఆయన కోలుకుంటున్నారు. 108 వచ్చేలోపు ఏఎన్ఎం గారు ఆయన చేతుల్ని 20 నిమిషాలు కుళాయి ధార కింద పెట్టించారు. ఉంగరం, గడియారం వాపు రాకముందే తీయించారు. అంటుకుపోయిన చొక్కా గుడ్డ లాగనివ్వలేదు, ఒకరు టూత్‌పేస్టు, ఇంకొకరు వెన్న పట్టుకొస్తే రాయనివ్వలేదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి పంపించారు. చర్మం ఎంత నిలిచిందో ఆసుపత్రిలో చూశాక ఆ 20 నిమిషాల విలువ మాకు తెలిసింది.

ఇక రెండో సాయం. ఇది బయటికి కనపడదు, అందుకే ఎక్కువ రాస్తున్నాం. మంట ఆరాక మూడు రాత్రులు ఆ ఇంటి చుట్టూ తాడు కట్టి వంతులవారీగా కాపలా కాశారు. వాన వస్తుందని టార్పాలిన్లు కప్పారు. కాయ మళ్లీ రాజుకుంటుందని బూడిద తిరగేయాల్సి వచ్చిన చోట, ముందు పోలీసుల చేత ఫొటోలు తీయించి, తర్వాతే పార పెట్టారు. బంగారం ఏరుదామని వచ్చిన వాళ్లను, పాపం మంచి మనసుతోనే, ఇల్లు కడిగి దీపం పెడదామని వచ్చిన మన ఆడవాళ్లను కూడా నచ్చజెప్పి వెనక్కి పంపారు. ఒక స్విచ్ ఏ వైపుకు ఉందో, గ్యాస్ రెగ్యులేటర్ పిడి ఎటు తిరిగి ఉందో, గడియ ఎంత దూరం జరిగి ఉందో, అవన్నీ ఒక్కసారి కదిలితే మళ్లీ రావు.

ఎందుకంటే తెల్లారేసరికే ఊళ్లో నాలుగు కారణాలు పుట్టాయి. ఆ ఇంట్లో మిగిలింది హాస్టల్లో ఉన్న పెద్దమ్మాయి ఒక్కతే. ఆ మాటలన్నీ తన ఫోన్‌కే వచ్చాయి. అందుకే ఒక్కో మాట గురించీ ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

గ్యాస్ బండ పేలింది అన్నారు. పొడవునా చీలిన బండ ఫొటో అందరూ చూశారు. బండ మంటలో పడితే లోపలి ద్రవం మరిగి ఒత్తిడి పెరుగుతుంది, ఇనుము వేడికి మెత్తబడి చీలిపోతుంది. అంటే చీలిన బండ మంటకు కారణమూ కావచ్చు, మంట వల్ల చీలిందీ కావచ్చు. లీకై పేలితే ముందు చప్పుడు, గోడలు, కిటికీలు బయటికి తోసుకోవడం, తర్వాత మంట. చప్పుడు ముందా, వెలుగు ముందా అన్నదానికి మన వీధిలో జవాబు ఉంది, అది పోలీసుల దగ్గరే చెప్పాలి. దీనికి డబ్బు లెక్క కూడా ఉంది. ఆయిల్ కంపెనీలు వినియోగదారుల కోసం చేసే బీమాలో మనిషి పోతే 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఆస్తికి 2 లక్షల దాకా ఇస్తారు. గ్యాసే మంటకు మూలం అని తేలితేనే అది వర్తిస్తుంది. తొందరపడి అటు తేల్చినా ఇటు తేల్చినా ఆ పిల్లకే నష్టం. డీలరుకు రాతపూర్వకంగా తెలపమని గుర్తు చేసిన మాస్టారికి కృతజ్ఞతలు.

గ్యాస్ పైపులైను అంటుకుంది అన్న వాళ్ల మీద మాకు కోపం లేదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండడం చూసిన నేల ఇది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఏమైందో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. నిప్పు అంటే మనకు ముందు అదే భయం. కానీ పైపులైను అంటుకుంటే మంట నేలలోంచి లేస్తుంది, చుట్టూ మట్టి, చెట్లు మాడతాయి. ఇక్కడ వాకిట్లో తులసికోట కూడా పచ్చగానే ఉంది.

షార్ట్ సర్క్యూట్ అన్న మాటా అంతే. కరిగిన రాగి వైరు చివర గుండ్రటి పూసలు కనిపించాయి, నిజమే. మంట తాకినప్పుడు ఆ వైరులో కరెంటు ఉందని మాత్రమే అది చెబుతుంది. మంటే వైరు తొడుగును కాల్చి, ఆ తర్వాత రెండు వైర్లు తగిలినా అవే పూసలు వస్తాయి. మెయిన్ బోర్డుకు అన్నిటికంటే దూరంగా, ముందుగా తెగిన చోటు ఎక్కడో వైరింగ్ మొత్తం గీసుకుని చూడాలి. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 161 కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారించేది అందుకే.

నాలుగో మాట రాయడానికి చెయ్యి ఆడడం లేదు, అయినా రాయాలి. చేతులు పైకి లేచి పిడికిళ్లు బిగుసుకుని ఉన్నాయని, అంటే పెనుగులాట జరిగిందని, ఆ ఇంటి యజమాని మీదే నింద వేశారు. ఆ వేడికి ఏ దేహమైనా అలాగే అవుతుంది. కండరాలు ఉడికి కుంచించుకుపోతాయి. మడిచే కండరాలు చాచే వాటికంటే బలమైనవి కనుక మోచేతులు, మోకాళ్లు ముడుచుకుంటాయి. అందులో కోపం లేదు, పోట్లాట లేదు. తల ఎముక పగిలి ఉంటే ఎవరో కొట్టారన్నారు. వేడికి ఎముక కూడా పగులుతుంది, దెబ్బకు పగిలిందానికీ దీనికీ తేడా పోస్ట్‌మార్టం చేసే డాక్టర్లకు తెలుసు. ఊపిరిగొట్టంలో మసి ఉందా, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉంది అన్నవి చూస్తే, మంట వచ్చేసరికి ఊపిరి ఉందో లేదో తెలుస్తుంది.

మరి ఎందుకు అరవలేదు అన్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఏదీ లేదు. నిద్రలో ఉన్నవాణ్ణి ముక్కు లేపదు. అటక మీద మొదలైన పొగ తలుపుల పైసందుల్లోంచి గదుల్లోకి దిగితే, మెలకువ వచ్చేలోపే ఒళ్లు స్వాధీనం తప్పుతుంది. పొగ తగలగానే కూత పెట్టే బ్యాటరీ పరికరాలు దొరుకుతాయి. అటక మీద కాయ పోసే ప్రతి ఇంట్లో పడకగదుల బయట, పైకప్పుకు ఒకటి బిగించండి, నెలకోసారి బటన్ నొక్కి చూడండి. అటక మీంచి వైరు లాగారంటే పైపులో లాగండి, కాయ మధ్య బల్బు వేలాడదీయకండి.

తలుపు బయట గొళ్లెం పెట్టి ఉందని ఒకరు, లోపలి గడియే ఉందని ఒకరు. చెక్క కాలిపోయాక గడియలు, గొళ్లేలు బూడిదలోనే దొరుకుతాయి. గడియ కమ్మీ మీద మసి పట్టని మేర ఎంతో చూసి అది వేసి ఉందా తీసి ఉందా చెప్పగలరు. నేల మీద మచ్చలు పెట్రోలు పోసినట్టు ఉన్నాయనీ అన్నారు. గది మొత్తం ఒకేసారి భగ్గుమనే స్థాయికి, అంటే 500, 600 డిగ్రీలకు వేడెక్కితే నేల కూడా కాలుతుంది. ప్లాస్టిక్ కుర్చీ, స్పాంజి పరుపు కరిగి కారిన చోట అలాంటి మచ్చలే పడతాయి. పెట్రోలు ఉందో లేదో చెప్పేది ల్యాబు. ఆ మచ్చల చోట తీసిన మట్టి గాలి చొరని డబ్బాల్లో వెళ్లింది, మామూలు పాలిథీన్ సంచిలో వేస్తే ఆవిరి బయటికి పోతుంది.

ఇవన్నీ తేలేదాకా మేం ఏ కారణమూ అనం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 194 కింద అసహజ మరణంగా కేసు నడుస్తోంది. ఆ రాత్రి వీడియోలు తీసిన పిల్లలు వాటిని ఎక్కడా పెట్టకుండా, ఫోన్లతో సహా స్టేషన్‌కు వెళ్లి అసలు ఫైళ్లు ఇచ్చి, అవి తమ ఫోన్లలోవేనని చెప్పే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోతుంది, తీసిన టైము వివరాలు పోతాయి. మంట మొదట పైకప్పులో ఏ మూల కనిపించిందో చూపించే ఆ కొద్ది సెకన్లు, ఊరంతా కలిసి పుట్టించిన మాటల కన్నా విలువైనవి. ఇంకా ఎవరి దగ్గరైనా దేహాల ఫొటోలు ఉంటే దయచేసి తీసేయండి. ఆ అమ్మాయి పేరు మీద అడుగుతున్నాం.

కాగితాల పని చాలావరకు అయింది. మరణాల నమోదు 21 రోజుల్లోపే చేయించాం. పోయినవాళ్ల బ్యాంకు ఖాతాల్లో ఏటా 20 రూపాయలది, 436 రూపాయలది బీమాలు కట్ అవుతున్నాయేమో వెతికి పెట్టిన బ్యాంక్‌మిత్ర గారికి, దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరిగిన తమ్ముళ్లకు కృతజ్ఞతలు. బీరువాలో మాడిన నోట్ల కట్ట దులపకుండా అలాగే పెట్టెలో పెట్టమని చెప్పింది కూడా వాళ్లే. పెళుసుబారిన నోట్లు మామూలు బ్రాంచిలో తీసుకోరు, రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసుకే ఇవ్వాలి. చందాలు ఎవరెంత ఇచ్చారో రాసిన పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడొచ్చు. డబ్బు ఆ అమ్మాయి ఖాతాలోనే పడింది.

ఆ రాత్రి ఎవరివో తెలియకుండా వచ్చిన సామాను రామాలయం చావిట్లో పెట్టాం. స్టీలు బిందెలు తొమ్మిది, ఇత్తడి బిందె ఒకటి, ఆయిల్ ఇంజన్ పైపు ముక్కలు రెండు, నిచ్చెన, మూడు టార్పాలిన్లు, ఒక పిల్లవాడి ఎడమ కాలి చెప్పు. ఆదివారం దాకా ఉంటాయి, పొద్దున ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి. వెదురుబుట్ట మాత్రం పూర్తిగా పాడైంది, అది ఎవరిదో చెబితే కొత్తది అల్లించి ఇస్తాం.