విషయం: మాస్టర్ సిలిండర్ లీకైతే క్లచ్ సెట్ మార్చి బిల్లు వేశారు

సర్వీస్ మేనేజర్ గారికి,

నాది 2009 మోడల్ డీజిల్ కారు, హైడ్రాలిక్ క్లచ్, అంటే పెడల్ తొక్కితే దాని పైనున్న మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ని నెడుతుంది, ఆ ఒత్తిడికి గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్ రాడ్ కదిలి క్లచ్‌ని విడదీస్తుంది. మీ విజయవాడ వర్క్‌షాప్‌లో ఇచ్చినప్పుడే జాబ్ కార్డు మీద అన్నీ రాయించాను. పెడల్ తొక్కితే కిందికి పోయి అక్కడే ఉండిపోతోంది, గబగబా నాలుగైదు సార్లు తొక్కితే కాస్త గట్టిపడి గేరు పడుతోంది, ఇంజిన్ ఆపితే మాత్రం గేర్లన్నీ హాయిగా పడుతున్నాయి.

ఇంత చెప్పినా మీ అడ్వైజర్ బండి కిందికి తొంగి కూడా చూడకుండా "పాత బండి కదండీ, క్లచ్ సెట్ పోయింది" అనేశారు. ప్లేటు అరిగితే క్లచ్ జారుతుంది, ఎక్సలరేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతుంది గానీ బండి వేగం అందుకోదు. నా బండి దుర్గ గుడి ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు కూడా జారలేదు. నా సమస్య క్లచ్ విడవకపోవడం, జారడం కాదు. ఆ తేడా చూడకుండా గేర్‌బాక్స్ దించి, ప్లేట్లు, రిలీజ్ బేరింగ్, లేబర్ కలిపి రూ.17,800 తీసుకున్నారు. పాత ప్లేటు చూపించమంటే స్క్రాప్‌లోకి వెళ్లిపోయిందన్నారు.

ఆయిల్ నింపి, క్లచ్ పైపులో చేరిన గాలి తీశారు కాబట్టి కొన్నాళ్లు నడిచింది. తర్వాత బందరు రోడ్డు సిగ్నల్ దగ్గర మళ్లీ గేరు పడలేదు, వెనక హారన్లు, బండిలో పిల్లలు, ఎంత టెన్షన్ పడ్డామో!

ఆటోనగర్ మెకానిక్ ముందు టార్చి వేసి చూశాడు. పెడల్ పైన మాస్టర్ సిలిండర్ రాడ్ దగ్గర తడి, మ్యాట్ కింద ఆయిల్ మరక. స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు తీస్తే లోపల పొడిగానే ఉంది, నన్ను పెడల్ తొక్కమని చూస్తే దాని రాడ్ దాదాపు కదల్లేదు. మాస్టర్ సిలిండర్ మార్చి, కొత్త డాట్ 4 రకం క్లచ్ ఆయిల్ పోసి గాలి తీశాడు, అంతే. గేర్‌బాక్స్ జోలికే పోలేదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇంకొకటి. ఈ బండిలో బ్రేక్‌కీ క్లచ్‌కీ ఆయిల్ డబ్బా ఒక్కటే, ఆయిల్ కారిపోతే బ్రేకులకీ ముప్పే. లెవెల్ తగ్గిందని మీ బిల్లులోనే ఉంది. ఎక్కడికి పోతోందో వెతక్కుండా నింపి పంపిస్తారా?

క్లచ్ సెట్, లేబర్ డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వండి, గేర్‌బాక్స్ దించేముందు ఏమేం పరీక్షించారో రాతపూర్వకంగా చెప్పండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. జాబ్ కార్డు, రెండు బిల్లులు, మరకల ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్