గుడ్ల లెక్కతో పిట్టను, తాబేలును తూచవద్దు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం పిల్లల పేజీలో గిజిగాడిని, సముద్రపు తాబేలును పక్కపక్కన పెట్టి మీరు వేసిన పట్టికను చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. తాబేలు ఒక్కసారికి వంద గుడ్లు పెడుతుంది కాబట్టి దాని జాతికి ఢోకా లేదనీ, రెండు నుంచి నాలుగు గుడ్లే పెట్టే గిజిగాడికే ముప్పనీ అందులో తేల్చేశారు. ఏళ్లపాటు జీవశాస్త్రం బోధించిన నాకు, పిల్లలు దీన్ని కత్తిరించి నోటు పుస్తకంలో అతికించుకుంటారన్న ఆలోచనే బాధ కలిగిస్తోంది.

ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాల్లో, ఆంధ్ర తీరంలో అక్కడక్కడా ఇసుక తవ్వి గుడ్లు పెట్టి, గుంత పూడ్చి సముద్రంలోకి వెళ్లిపోతుంది; తిరిగి వచ్చి చూడదు. 45 నుంచి 60 రోజులకు ఇసుక వేడికే పొదిగి బయటపడిన పిల్లలను కుక్కలు, పీతలు, పక్షులు, చేపలు తినగా, గుడ్లు పెట్టే వయసుకు చేరేది వెయ్యిలో ఒకటేనని అంచనా. అలా బతికి బట్టకట్టిన తల్లి ట్రాలర్ (పెద్ద చేపల వేట పడవ) వలలో చిక్కి ఊపిరాడక చనిపోతే, ఆ లోటును వంద గుడ్లు పూడ్చలేవు. ఢోకా లేని జీవే అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంచేది కాదు.

గిజిగాడి దారి వేరు. వరి నాట్లు పచ్చబడే వానాకాలంలో మగపక్షి ఆకులను సన్నని పీచులుగా చీల్చి, బావుల మీదికి వంగిన తుమ్మ కొమ్మలకో, ఈత, తాటి మట్టలకో గూడు అల్లడం మొదలుపెడుతుంది. సగం అల్లిన ఆ గూటిని ఆడపక్షి వచ్చి చూసి, నచ్చితేనే అందులో కాపురం పెడుతుంది. రెండు వారాల పాటు పొదగడం, ఆపైన పిల్లల నోటికి పురుగులు అందించడం ఎక్కువగా తల్లి పనే. ఇంత పెంపకం ఉన్న పక్షికి తక్కువ గుడ్లు బలహీనత కాదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో ముప్పు పొంచి ఉన్న (వల్నరబుల్) వర్గంలో కనిపించేది ఆలివ్ రిడ్లేనే. గిజిగాడికి ప్రపంచ స్థాయిలో ఆ స్థితి లేదు. మీ పట్టిక విషయాన్ని పూర్తిగా తలకిందులు చేసింది.

అయినా మా హనుమకొండ దగ్గరి హసన్‌పర్తి, ధర్మసాగర్ వైపు గిజిగాడి గూళ్లు మునుపటిలా కనిపించడం లేదంటే, అది గుడ్లు తక్కువై కాదు, చెట్లు కరువై. వెంచర్ల కోసం పాత బావులు పూడుస్తున్నారు, రోడ్డు వెడల్పు పేరుతో, చెరువు కట్టల సుందరీకరణ పేరుతో ఈత, తుమ్మ చెట్లను నరికేస్తున్నారు. ఆ తర్వాత అదే రోడ్డు డివైడరులో కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు నాటి పచ్చదనం పెంచామని బోర్డు పెడుతున్నారు. గూళ్లు వేలాడుతున్న చెట్టును పిట్టపిల్లలు ఎగిరేదాకా కొట్టవద్దని అర్జీ తీసుకొని వెళితే, ‘పిట్టగూళ్లకు కూడా పర్మిషన్ కావాలా సార్?’ అని ఒక కార్యాలయంలో అడిగారు. పదో తరగతి పాఠంలో ఆవాసం గురించి చదివి వచ్చినవారే ఆ కుర్చీలో కూర్చున్నారు కదా అని నాకు చాలా కోపం వచ్చింది.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పరిమాణంలో సవరణ వేయండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గూళ్లున్న చెట్లను ఎవరి ఉత్తర్వులతో కొడుతున్నారో మీ విలేకరులతో అడిగించి ప్రచురించండి.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ