చీటీ రాసిచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు

సంపాదకుడికి,

సుఖవ్యాధులకు ప్రభుత్వం నడిపే సురక్ష క్లినిక్‌లలో ఉచిత వైద్యం అందుతోందని ఆరోగ్య శాఖ తరచూ ప్రకటిస్తుంది. అందుతున్న మాట నిజమే. మూత్రంలో మంట, చీములాంటి స్రావంతో వచ్చిన మగవారికి బూడిద రంగు కిట్ ఇస్తారు. అందులో ఒక గ్రాము అజిత్రోమైసిన్, 400 మిల్లీగ్రాముల సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మందులు ఉంటాయి. ఒక్కసారి మింగితే చాలు. అదే కిట్ అతని భార్యకో, సంబంధం ఉన్న మరొకరికో కూడా ఇవ్వాలి. మరి ఆమెను క్లినిక్‌కు తీసుకొచ్చేది ఎవరు? ఆ పని రోగి మీదే వదిలేశారు.

ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల ఓపీలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. భాగస్వామిని వైద్యానికి తీసుకురమ్మని రాసిచ్చే చీటీని మగవాళ్లు ఎలా తీసుకుంటారో దగ్గర నుంచి చూశాను. నాలుగు మడతలు పెడతారు, ఇంకా చిన్నదిగా మడుస్తారు, ఎక్కడ దాచాలో తోచదు. చొక్కా జేబులో పెడితే ఉతికేటప్పుడు భార్య కంట పడుతుంది. "ఏమని చెప్పి తీసుకురమ్మంటారు సిస్టర్?" అని గొంతు తగ్గించి అడిగేవారు. ఆ మాట విని దారి చెప్పాల్సిన కౌన్సిలర్ బల్ల ఓపీ వరండాలో ఒక తెర వెనక ఉండేది. తెరకు ఇటువైపు బెంచీ మీద పదిమంది. అక్కడ ఎవరు నోరు విప్పుతారు? వచ్చిన మనిషి తన మందు తాను మింగి వెళ్లిపోతాడు. ఇంట్లో జబ్బు అలాగే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు అదే మంటతో తిరిగొస్తాడు. రిజిస్టర్‌లో కొత్త కేసు రాసుకుంటాం.

ఆ మంటకు, స్రావానికి కారణమయ్యే గనేరియా, క్లమిడియా అనే జబ్బులు సోకిన ఆడవాళ్లలో చాలామందికి పైకి ఏ లక్షణమూ కనిపించదు. బాధ లేదు కాబట్టి వాళ్లంతట వాళ్లు ఆసుపత్రికి రారు. లోలోపల జబ్బు గర్భాశయానికి, అండం ప్రయాణించే ఫెలోపియన్ నాళాలకు పాకుతుంది. నాళాలు మూసుకుపోతే పిల్లలు కలగరు. అప్పుడు ఊరు వేలెత్తి చూపేది భర్తను కాదు.

గర్భిణుల సంగతి ఇంకా కష్టం. మన పెద్దవాళ్లు సవాయి అనే సిఫిలిస్‌కు గర్భిణులందరికీ పరీక్ష చేయాలి, చేస్తున్నారు కూడా. పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో తల్లికీ బిడ్డకూ ముప్పు తప్పించవచ్చు. కానీ భర్తకు వైద్యం జరగకపోతే కాన్పులోపే ఆమెకు మళ్లీ సోకవచ్చు. బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా జబ్బుతో పుట్టవచ్చు. పరీక్ష ముందు చేసేది ఆమెకే కనుక జబ్బు ముందు బయటపడేదీ ఆమెలోనే. ఇంట్లోవాళ్ల లెక్కలో మాత్రం ముందు బయటపడినవాళ్లే జబ్బు తెచ్చినవాళ్లు! ఆ పిల్ల చేతికే చీటీ ఇచ్చి, మీ ఆయన్ను తీసుకురామ్మా అనడం ఏం న్యాయం?

ఆశా కార్యకర్తలను ఇళ్లకు పంపితే సరి అనేవారున్నారు. నేను ఒప్పుకోను. ఫలానా ఇంటికి ఆమె ఎందుకు వెళ్లిందని సాయంత్రానికి వీధి వీధంతా అడుగుతుంది. హెచ్‌ఐవీ విషయంలో 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైన చట్టం ఇంతకంటే తెలివైన దారి చూపింది. భాగస్వామికి చెప్పమని ముందు రోగికే నచ్చజెప్పాలి. చెప్పడని తేలితే, తామే చెప్పబోతున్నామని అతనికి తెలిపాకే, వైద్యుడో కౌన్సిలరో ముప్పున్న భాగస్వామితో ముఖాముఖి మాట్లాడవచ్చు. తన విషయం తెలిస్తే కొడతారనో గెంటేస్తారనో భయమున్న స్త్రీ సంగతి భాగస్వామికి చెప్పకూడదు. చట్టం హెచ్‌ఐవీ వరకే అయినా, ఆ వరసను మిగతా సుఖవ్యాధులకూ పాటించడానికి అడ్డేముంది?

రోగి తానే చెబుతానంటే వారం గడువివ్వండి. చెప్పలేనంటే అతని అనుమతితో కౌన్సిలరే ఫోను చేయాలి. ఎవరి వల్ల తెలిసిందో చెప్పక్కర్లేదు. భార్య విషయంలో ఇది కుదరదు, ఒప్పుకుంటాను. పేరు దాచినా ఆమెకు అర్థమైపోతుంది. అక్కడ ఇద్దరినీ కూర్చోబెట్టి, నిందలు పెరగకుండా మాట్లాడగలిగిన మనిషి ఉండాలి. తలుపున్న గది ఉండాలి. చీటీ మీద జబ్బు పేరు లేకుండా కోడ్ మాత్రమే ఉంటే, అది ఏ ఊరి సురక్ష క్లినిక్‌లోనైనా చెల్లితే, పాలమూరు నుంచి ముంబైకి వలస వెళ్లిన కూలీ భార్య తన ఊరికి దగ్గర్లోనే మందు తీసుకోగలుగుతుంది. మధ్యాహ్నానికే మూసే ఓపీ వల్ల ఒకరోజు కూలి పోగొట్టుకునేవారి కోసం వారానికి ఒక సాయంత్రమైనా తెరిచి ఉంచాలి.

భాగస్వామి మందును కూడా రోగి చేతికే ఇచ్చి ఇంటికి పంపే పద్ధతిని అమెరికాలో కొన్ని జబ్బులకు అనుమతిస్తున్నారు. ఇంజెక్షన్ కావాల్సిన సిఫిలిస్‌కు అది పనికిరాదు. అసలు రావడానికి ససేమిరా అనేవారి కోసం మిగతావాటికి పరిశీలించవచ్చు. ఆర్‌ఎంపీ దగ్గరో మెడికల్ షాపులోనో బిళ్లలు కొనుక్కునేవారిని భాగస్వామి సంగతి అడిగేవారే లేరు. దాని గురించి మరో లేఖ రాయాలి.

ఎందరికి చికిత్స చేశామో లెక్క చెప్పే ఆరోగ్య శాఖ, వారి భాగస్వాముల్లో ఎందరు వచ్చి మందు తీసుకున్నారో కూడా జిల్లాలవారీగా ప్రతి నెలా ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

విశ్రాంత స్టాఫ్ నర్సు, రాజమహేంద్రవరం
(పేరు ప్రచురించవద్దని మనవి)