ఆమడ అంటే ఎంత దూరం?

సంపాదకుల వారికి నమస్కారం.

ఆరో తరగతి చదివే మా మనవడి తెలుగు నోటుబుక్కులో ‘ఆమడ దూరం = చాలా దూరం’ అని రాసి ఉంది. పక్కనే ఎర్ర ఇంకుతో టిక్కు. తప్పని అనలేను గానీ, చూడగానే మనసు చివుక్కుమంది. ఆమడ ఒక కొలత. నాలుగు కోసులు ఒక ఆమడ. కోసంటే సుమారు రెండు మైళ్లు కాబట్టి, ఇప్పటి లెక్కలో ఆమడ దాదాపు 13 కిలోమీటర్లు. ప్రాంతాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉండేది.

మా చంద్రగిరి నుంచి తిరుపతికి ఇంచుమించు అంతే. మా అవ్వ ఏటా గంగమ్మ జాతరకు నడిచే పోయేది. సద్దిమూట ముడి బిగిస్తా, “ఆమడే కదరా, ఎండ ముదిరేలోగా చేరుకుంటాం” అనేది. ఈ సంగతి చెబితే మనవడు, “అయితే మన బస్సు రోజూ ఆమడ పోతుందా తాతా?” అని కళ్లు పెద్దవి చేశాడు.

కోసు పుట్టుక ఇంకా బాగుంటుంది. సంస్కృతంలో క్రోశం అంటే కేక. కేక వేస్తే వినపడేంత దూరమే క్రోశం, దాన్నే మనం కోసు చేసుకున్నాం. యోజనం అంటే కాడి కట్టడం. ఒకసారి కట్టిన కాడి విప్పకుండా బండి పోయేంత దూరమన్నమాట. హనుమంతుడు నూరు యోజనాల సముద్రం దాటాడని పిల్లలంతా వింటారు, ఆ మాటలో ఒక బండి ఉందని ఎవరూ చెప్పరు.

ఇంగ్లీషు మైలు కూడా అడుగుల్లోంచి పుట్టిందే. లాటిన్‌లో ‘మిల్లే’ అంటే వెయ్యి. రోమన్లు కుడి ఎడమ రెండు అడుగులనూ కలిపి ఒకటిగా లెక్కపెట్టి, అలాంటివి వెయ్యైతే మైలు అన్నారు. 1956 చట్టంతో మనకు మెట్రిక్ కొలతలొచ్చి మైళ్లు పోయాయి. అయినా బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో చెప్పేటప్పుడు ఇప్పటికీ ‘మైలేజీ’ అనే అంటున్నాం.

విద్యాశాఖ వారికి నా మనవి ఒక్కటే. పాఠం చివర పదాల అర్థాల్లో ఇలాంటి మాటలకు కొలతనూ, పుట్టుకనూ ఒక్క వాక్యంలో ఇవ్వండి. మిగతాది ఉపాధ్యాయులు తమ ఊరి దారులతో చెప్పుకుంటారు. చిత్తూరు పిల్లలకైతే కాణిపాకం రోడ్డు చూపిస్తే చాలు, అది ఆమడకు కాస్త తక్కువ.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా