ఆ పుళ్లు ఎవరు కడుగుతారమ్మా?

సంపాదకులకు నమస్కారం.

గుడ్ ఫ్రైడే రోజు మీ భక్తి పేజీలో శత్రువులను ప్రేమించడం గురించి వ్యాసం వేశారు. రాసినవారి భక్తి మీద నాకు గౌరవమే. కానీ జరిగినదంతా మరిచిపోయి, కేసులు కూడా వదిలేసుకుంటేనే అది నిజమైన క్షమ అని రాశారు చూశారా, ఆ మాట నాకు మింగుడుపడలేదు. ముప్ఫై అయిదేళ్లు కుష్ఠు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన దాన్ని. ఈ సంగతిలో నేను చూసినదీ, నాకు జరిగినదీ చెప్పాలనిపించి రాస్తున్నాను.

1999 జనవరిలో నేను వార్డులో ఉన్నాను. ఒడిశాలోని బారిపదలో కుష్ఠురోగుల ఆశ్రమం చూసుకునే గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని మనోహర్‌పూర్ అనే ఊళ్లో బండిలో పడుకుని ఉండగా తగలబెట్టేశారు. ఆయన 1965లో ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. పొద్దున్నే రోగులు తొట్లలో కాళ్లు నానబెట్టుకుని కూర్చుంటే నేను పేపరు చదివి వినిపించాను. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి వేళ్లన్నీ అరిగిపోయిన ఒక ముసలాయన తలెత్తి, "మరి ఆ ఆశ్రమంలో ఆళ్ల పుళ్లు ఎవరు కడుగుతారమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు గ్లాడిస్ స్టెయిన్స్ చెప్పింది. భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని, కూతురు ఎస్తేరుతో మిగిలిన తల్లి. చంపినవాళ్లను క్షమిస్తున్నానంది. ఆ మాట అప్పుడు అన్ని పేపర్లలోనూ వచ్చింది, అందరం గుర్తుపెట్టుకున్నాం. ఆ తర్వాత ఆవిడ చేసిన పని అంతగా గుర్తులేదు. ఆవిడ విమానం ఎక్కి వెళ్లిపోలేదు. 2004 దాకా బారిపదలోనే ఉండి ఆ ఆశ్రమాన్ని నడిపింది. భర్త పేరుమీద ఆసుపత్రి లేచేదాకా కదల్లేదు. 2005లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కుష్ఠు పుండు సంగతి తెలిసినవాళ్లకు ఆ అయిదేళ్లంటే ఏమిటో తెలుస్తుంది. రోజూ కాళ్లు నానబెట్టాలి, గట్టిపడిన చర్మం గీకాలి, నూనె రాయాలి, మర్నాడు మళ్లీ మొదలు.

అలాగని ఆవిడ కోర్టుకు అడ్డుపడలేదు. ఆ హత్యల్లో ప్రధాన దోషి దారాసింగ్‌కు 2003లో ఉరిశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. క్షమించడం వేరు, నేరానికి పడే శిక్ష వేరు, ఈ రెంటినీ కలపకూడదని ఆవిడే అంది. మీ వ్యాసం రాసినవారు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి.

ఇక నా సంగతి. 2011లో మా పక్కింటాయన మూడడుగుల సందు మూసేసి గోడ కట్టాడు. అడగడానికి వెళ్లిన మా ఆయన్ని కాలవలోకి తోసేస్తే మణికట్టు విరిగింది. కోర్టుకు వెళ్లాం. కేసు నడుస్తుండగానే 2015లో మా ఆయన పోయారు. ఆయన విరిగిన చెయ్యి సరిగ్గా అతుక్కోలేదు, చివరిదాకా అన్నం ఎడమచేత్తోనే తిన్నారు. అది చూసినంతకాలం పక్కింటాయన కోసం ప్రార్థన చేద్దామని మోకరిస్తే పేరు నోట్లోంచి వచ్చేది కాదు. నిజం చెబుతున్నాను, నాలుగేళ్లు రాలేదు.

2018లో పక్కింటాయనకు షుగరు ముదిరి కాలి వేలు తీసేశారు. రోజూ కట్టు మార్చాలి, ఆసుపత్రి దూరం. మా వీధిలో కట్టు కట్టడం తెలిసింది నాకే. ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడి, "అక్కా, నిన్ను అడిగే మొహం లేదు, అయినా వచ్చాను" అంది. చూద్దాంలే అని పంపేశాను. మూడు రోజులు వెళ్లలేదు. నాలుగో రోజు వెళ్లాను. ప్రేమ పుట్టి వెళ్లానని చెప్పను. పుండు వాసన ఇంట్లోంచి సందు దాకా వస్తోంది, అది తెలిసి కూర్చోలేకపోయాను.

గాజుగుడ్డ ఎండి పుండుకు అతుక్కుపోయి ఉంది. షుగరు కాళ్లకు స్పర్శ తక్కువంటారు గానీ పుండు అంచుల్లో ప్రాణం ఉంటుంది. ఎండిన గుడ్డను ఒక్క లాగు లాగితే ఎంత నొప్పో నాకు తెలుసు. ఆ క్షణంలో మా ఆయన చెయ్యి గుర్తొచ్చింది. లాగబుద్ధి కూడా అయింది. సెలైన్ పోసి తడిపాను. నానడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఆయన పాదం నా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను, ఇద్దరం గోడవైపు చూస్తూ. రెండో నెలకు పుండు మానింది.

అప్పుడు మా సంఘంలో కొందరు, "కట్టు కట్టావు కదా, ఇక కేసు కూడా తీసేసుకో, అదే సాక్ష్యం" అన్నారు. నేను తీసుకోలేదు. బైబిల్లో పౌలు రోమా పత్రిక 12వ అధ్యాయంలో శత్రువుకు ఆకలేస్తే అన్నం పెట్టమన్నాడు, దప్పికైతే నీళ్లిమ్మన్నాడు. నీ మనసు కరిగేదాకా ఆగు అనలేదు. పగ తీర్చుకోవద్దు, అది దేవుడి పని అని ఆ పైనే చెప్పాడు. వెంటనే 13వ అధ్యాయంలో, తప్పు చేసినవాణ్ణి దండించే అధికారి ఊరికే ఖడ్గం పట్టుకోలేదన్నాడు. రెండు అధ్యాయాలూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి చదివి ఒకటి వదిలేస్తే ఎలా?

నా బాధ ఇంకొకటి ఉంది. మొగుడి చేత దెబ్బలు తిన్న ఆడపిల్ల ఏడుస్తూ వస్తే, "క్షమించమ్మా, ప్రేమించమ్మా, ఇంటికెళ్లు" అని పంపేయడం నేను నా కళ్లతో చూశాను. యేసుప్రభువు సిలువ మీద క్షమించమని అడిగింది తనకు మేకులు కొట్టినవాళ్ల కోసం. ఇంకొకరి ఒంటి మీద దెబ్బలను మనం క్షమించేయడానికి మనమెవరం? వచ్చే గుడ్ ఫ్రైడేకు సిలువ మీద పలికిన ఆ మొదటి మాట మీద ప్రసంగించే పాస్టరుగార్లు ఈ ముక్క కూడా చెప్పాలని చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ పిల్లను ముందు భద్రమైన చోట ఉంచండి. క్షమించాలో వద్దో, ఎప్పుడో, ఆ పిల్లకూ దేవుడికీ వదిలేయండి.

మా కేసు 2021లో తేలింది, గోడ తీయించారు. పక్కింటాయన ఈరోజుకీ తప్పయిందని అనలేదు, నాతో సరిగ్గా మాట్లాడడు కూడా. ప్రార్థనలో మాత్రం ఇప్పుడు పేరు పలుకుతున్నాను. నెలకోసారి భార్య ఆయన్ని ఆ సందులోంచే తీసుకొస్తుంది. గుమ్మంలో పీట వేస్తాను. ఆయన కాలు చాపుతాడు. వేళ్ల మధ్య చూస్తాను, మడమ నొక్కి చూస్తాను.

– ఒక విశ్రాంత నర్సు, పార్వతీపురం